64 త్రిభుజాల బ్లాకులు, ఎలా పేర్చినా ఎర్రముక్కలే కనిపిస్తున్నాయి. ఏం చెయ్యాలి?

లేతనీలం
హాయ్ అందరికీ. బొంత కోసం లేత ముదురు త్రిభుజాలు జతచేసి 64 చదరపు బ్లాకులు కుట్టా. అన్నీ కలిపాక ఒక్కోటి 6 అంగుళాలు, వరసకి 8 చొప్పున 8 వరసలు, మొత్తం 48 అంగుళాల చదరం. ముదురు వైపు నీలాలు, ఊదా, బూడిద ఉన్నాయి, 9 బ్లాకుల్లో మాత్రం ఎరుపు పడింది. వజ్రాల్లా పేర్చా, మెరుపుగీతల్లా పేర్చా, గాలిమరల్లా పేర్చా, బ్లాకుని ఎటు తిప్పినా కొత్త డిజైన్ వస్తోంది కానీ కన్ను మాత్రం ఆ 9 ఎర్రముక్కల దగ్గరే ఆగిపోతోంది. నాలుగు రోజులైంది నేల మీద పరిచి, ఇంట్లోవాళ్ళు గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఎరుపు తీసెయ్యాలా, ఒకచోట చేర్చాలా, చెదరగొట్టాలా? చుట్టూ బోర్డర్ వెయ్యాలా? వెనకబట్ట ఏ రంగైతే బాగుంటుంది?

అతుకులబొంత
ముందు వాటిని నేల మీంచి లేపు తల్లీ. నిలబడి చూస్తే కాళ్ళ దగ్గర వరస పెద్దగా, అవతలి వరస చిన్నగా కనిపిస్తుంది, అలా చూసి రంగులు ఎలా తేలుస్తావు? నేను ఒకసారి మూడు గంటలు కూర్చుని పేర్చుకుంటే ఎవరో వచ్చి ఫ్యాన్ వేశారు, అంతే, ఏడుపొచ్చేసింది. ఆ రోజే తెల్ల ఫ్లానెల్ బట్ట గోడకి బిగించా. ముక్కని ఆనిస్తే చాలు, పిన్ను లేకుండా అంటుకుంటుంది. గది అవతలి చివరికెళ్ళి కళ్ళు చికిలించి చూడు.

పదునుకత్తెర
ఫోన్లో ఫోటో తీసి నలుపుతెలుపు చెయ్యండి, ఏది లేతో ఏది ముదురో తేలిపోతుంది, రెండు నిమిషాల పని. డిజైన్ని నిలబెట్టేది రంగు కాదు, లేతా ముదురే. నా ప్రతి బొంతకీ ఇదే చేస్తా, ఒక్కసారి కూడా మోసపోలేదు.

అద్దకంపని
ఎరుపు దగ్గర ఆ ఫోటో మోసం చేస్తుందండీ, తెలీకుండా సలహాలివ్వకండి. 20 ఏళ్ళుగా బట్టలకి రంగులేస్తున్నా. నలుపుతెలుపు చెయ్యడానికి బాగా వాడే లెక్కలో ఆకుపచ్చకి 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11 బరువు వేస్తారు. దాంతో నిఖార్సయిన ఎరుపు ముదురు బూడిదలా మారి నీలాల్లో కలిసిపోతుంది. ఫోటో చూసి అంతా బానే ఉంది అనుకుంటారు. కానీ ఆవిడ బాధేంటి? ఎరుపు ముందుకి దూకుతోందని. ఆ దూకుడు ఫోటోలో కనపడదు.

పదునుకత్తెర
తెలీకుండా అంటారేంటండీ? నేనూ కుట్టేదాన్నే. ఆవిడ డిజైన్ కనపడట్లేదు అన్నారు. ఫోటోలో వజ్రాలు స్పష్టంగా కనిపిస్తే పేర్చడంలో తప్పు లేదు, తప్పంతా ఎరుపు కాంతిదే అని తేలుతుంది కదా. అది తేలడం చిన్న విషయమా? శాతాలు చెప్తే బొంత పూర్తవదు.

కుట్టుపెట్టె
నేనైతే ఎర్ర ట్రాన్స్‌పరెంట్ షీట్ కంటికి అడ్డం పెట్టుకుని చూస్తా, రంగులన్నీ పోయి లేతా ముదురే మిగుల్తాయి. ఫోన్ అక్కర్లేదు.

అద్దకంపని
ఎర్ర బట్టలున్న బొంతకి ఎర్ర షీటా? అందులోంచి చూస్తే ఎరుపు తేలిపోయి లేతగా కనపడుతుంది, నీలం, ఆకుపచ్చ నల్లబడతాయి. ఎరుపు ఎక్కువుంటే ఆకుపచ్చ షీట్ వాడాలి. ఇంకో మాట, పక్కన ఏముందో దాన్నిబట్టి రంగు మారుతుంది. ఫ్రాన్సులో గోబెలిన్ నేతశాలలో షెవ్రల్ అనే ఆయన అద్దకం చూసుకునేవాడు. నల్లదారం వెలిసినట్టు ఉంటోందని ఫిర్యాదులొస్తే వెతికి చూశాడు, అద్దకంలో లోపమేం లేదు, ఆ నలుపు పక్కన నీలాలు నేస్తున్నారు. దాని మీద 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. అంచేత ఎర్రముక్కని విడిగా చూసి తీర్పు చెప్పకండి, దాని పక్కనున్న బూడిదని మార్చి చూడండి. బూడిద పక్కన ఎరుపు మండుతుంది, ఊదా పక్కన అణుగుతుంది.

పదునుకత్తెర
ఈ చివరి వాక్యం మొదటే రాసుంటే గొడవే ఉండేది కాదు. నన్ను తెలీనిదాన్ని చెయ్యాల్సిన పనేముంది?

అతుకులబొంత
ఇద్దరూ చెప్పింది పనికొచ్చేదే, ఊరుకోండి. ఆ పిల్ల మళ్ళీ కనపడనేలేదు.

మూలబ్లాకు
బ్లాకులు ఐమూలగా పేరిస్తే ఎలా ఉంటుందో చూశారా? కిందటేడు నేను 12 అంగుళాల బ్లాకులు అలా పేర్చా, చూడ్డానికి అద్భుతంగా ఉంది. అయితే అంచుల్లో నింపే త్రిభుజాల కోసం చదరాల్ని మూల నుంచి మూలకి ఒక్క కోతే కోశా. పైభాగం అయ్యేసరికి అంచంతా సాగి అలలు అలలుగా లేచింది, ఎంత ఇస్త్రీ చేసినా అణగలేదు. అది ఇప్పటికీ అలమరలోనే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

పదునుకత్తెర
ఒక్క కోత కోస్తే పొడుగు అంచు ఐమూల పోగు మీద, అంటే బట్ట సాగే వాలులో పడుతుంది, అదే బయటికొస్తుంది, సాగక ఏం చేస్తుంది. పక్క త్రిభుజాలకి చదరాన్ని రెండుసార్లు కోసి నాలుగు చెయ్యాలి, అప్పుడు నిలువు పోగో అడ్డ పోగో బయటికి వస్తుంది. 12 అంగుళాల బ్లాకుకి 12 ఇంటూ 1.414, దాదాపు 17, దానికి 1¼ కలిపితే 18¼ అంగుళాల చదరం. నాలుగు మూలలకి మాత్రం 9⅜ చదరం, అది ఒక్క కోతే. పావు అంగుళం కుట్టు మార్జిన్ కలిపే ఈ లెక్క. మీ బొంత పోలేదండీ, చుట్టూ అంచుకి దగ్గరగా ఒక కుట్టు వేసి దారం కొంచెం లాగి సర్దండి, తర్వాత కొలిచి కోసిన బోర్డర్ వెయ్యండి, చాలావరకు అణుగుతుంది.

మూలబ్లాకు
ఇవాళే బయటికి తీస్తా అక్కా. ఏడాదిగా పనికిరాదనుకుంటున్నా.

లేతనీలం
సారీ, గోడకి ఫ్లానెల్ బిగించే పనిలో ఉన్నా. ఫోటో తీసి నలుపుతెలుపు చేశా, వజ్రాలు చక్కగా ఉన్నాయి, ఎరుపు అసలు కనపడలా. అంటే ఇద్దరి మాటా నిజమే. తర్వాత ఎర్రబ్లాకుల్ని ఒక్కోటి జరుపుతూ పోయా. ఒక ఎర్రముక్క పక్కన వెండిలాంటి లేత బూడిద ఉంది, అది తీసి వంకాయరంగు పెట్టగానే ఎరుపు వెనక్కి తగ్గింది, గది చివర్నించి చూస్తే ఇటుకరంగులా ఉంది, అదే బట్ట! చూస్తూ నిలబడిపోయా. ఇప్పుడు నాలుగు ఎర్రబ్లాకులు నడిమధ్య గాలిమరలా కలిపా, చుట్టూ ఊదాలే. మిగతా ఐదూ తీసేశా. వాటి బదులు 6⅞ చదరాలు మూడు లేతవి మూడు ముదురువి కోసి జతలు కుడుతున్నా, ఆరొస్తాయి, ఒకటి మిగుల్తుంది. తీసేసిన ఐదింటినీ వెనకబట్టలో ఒక వరసగా వేద్దామని.

కుట్టుపెట్టె
వేసేముందు ఆ ఎరుపు రంగు దిగుతుందో లేదో చూసుకోండి ప్లీజ్. మిగిలిన ముక్కని తడిపి తెల్లబట్టలో చుట్టి ఒక రాత్రి ఉంచండి. నేను చూసుకోకుండా కుట్టా, మొదటి ఉతుకులోనే తెల్లబ్లాకులన్నీ గులాబీ అయిపోయాయి. పుట్టబోయే మేనకోడలి కోసం ఆరు నెలలు కుట్టింది.

లేతనీలం
అయ్యో. ఇప్పుడే తడిపి పెడతా. వెనకబట్టకి మిగతా అంతా నల్లనీలం అనుకుంటున్నా, పర్లేదా?

అద్దకంపని
లోపల వేసే పొర పల్చనిదైతే వద్దండీ, లేత త్రిభుజాల్లోంచి నీడలా కనపడుతుంది. అందుకే కుట్టు మార్జిన్లు కూడా ముదురు వైపుకి మడిచి ఇస్త్రీ చేస్తాం. మందపాటి పొరైతే వెయ్యొచ్చు, ముందు ఒక లేత బ్లాకు కింద పెట్టి వెలుతుర్లో చూసుకోండి.