‘ది డిస్ట్రక్టర్స్’ కథలో ఆ కుర్రాళ్ల కసి ఎవరి మీద?

గ్రాహం గ్రీన్ 1954 నాటి ఈ కథ చదివినవాళ్లు కాస్త సాయం చేయండి. డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డ లండన్. చుట్టుపక్కల ఇళ్లు కూలినా ముసలి థామస్ ఇల్లు మాత్రం నిలబడింది. లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చి కట్టిన ఆర్కిటెక్టు రెన్ కట్టిందట. కుర్రాళ్ల ముఠా రెండు రోజుల్లో దాన్ని లోపల్నుంచి డొల్ల చేసేస్తుంది. పరుపులో దొరికిన 70 పౌండు నోట్లు జేబులో వేసుకోరు, ఒక్కొక్కటే కాల్చేస్తారు. ముసలాయన్ని పెరటి మరుగుదొడ్లో బంధించి, మళ్లీ ఆయనకే దుప్పటీ బన్నులూ అందిస్తారు! ఆయన మీద ద్వేషమేమీ లేదంటాడు నాయకుడు ట్రెవర్. వాడి తండ్రి ఒకప్పుడు ఆర్కిటెక్టు, ఇప్పుడు గుమాస్తా.

చితికిన కుటుంబపు ఉక్రోషం అని సరిపెట్టుకుందామంటే, మిగతా పిల్లల మాటేమిటి? శిథిలాల మధ్య పెరిగినవాళ్లకు నిలబడ్డ ఇల్లే కంటగింపైందా? నాకైతే ఈ రెండోదే బలంగా అనిపిస్తోంది, కానీ కథలోంచి ఆధారం చూపించాలి. ఏ సన్నివేశం పట్టుకోమంటారు?

అలాగే, యుద్ధం తర్వాతి జర్మన్, జపాన్ కథల్లో ఇలాంటి కుర్రాళ్ల ముఠాలున్నవి ఏవైనా తెలిస్తే చెప్పండి. తెలుగు అనువాదమైతే మరీ మేలు.