సొంత జనరేటర్ ఉన్న ఫ్యాక్టరీ: ఏవీఆర్, రోకాఫ్ సెట్టింగులు ఎలా ఉండాలి?

33 కేవీ ఫీడర్ మీద ఒక ఫ్యాక్టరీ. లోడ్ 14 మెగావాట్లు, పవర్ ఫ్యాక్టర్ (మొత్తం ఎంవీఏలో నిజంగా పనిచేసే మెగావాట్ల వంతు) 0.9. లోపలున్న 15 ఎంవీఏ స్టీమ్ టర్బైన్ జనరేటర్ సెట్ యూనిటీ పవర్ ఫ్యాక్టర్ దగ్గర, అంటే రియాక్టివ్ పవర్ ఏమీ ఇవ్వకుండా, 12 మెగావాట్లు ఇస్తోంది. గ్రిడ్ నుంచి లాగేది 2 మెగావాట్లే, రియాక్టివ్ పవర్ (మోటార్లలో అయస్కాంత క్షేత్రానికి కావాల్సింది, కొలత ఎంవీఏఆర్‌లో) మాత్రం 6.8 ఎంవీఏఆర్ మొత్తం గ్రిడ్ నెత్తినే. దాంతో మీటర్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.28! ఏవీఆర్‌ని (జనరేటర్ ఎక్సైటేషన్‌ని, అంటే ఫీల్డ్ కరెంటుని, సర్దే ఆటోమేటిక్ వోల్టేజీ రెగ్యులేటర్‌ని) వోల్టేజీ మోడ్‌లో పెడితే సెట్ 9 ఎంవీఏఆర్ దాకా ఇవ్వగలదు. కానీ సబ్‌స్టేషన్‌లో వోల్టేజీ సర్దడానికి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మారినప్పుడల్లా ఎక్సైటేషన్ దానికి ఎదురు లాగుతుంది. 4 శాతం డ్రూప్ (రియాక్టివ్ పెరిగే కొద్దీ వోల్టేజీ లక్ష్యాన్ని కొంచెం తగ్గించడం) సరిపోతుందా, లేక గ్రిడ్ కరెంటు లోపలికొచ్చే ఇంపోర్ట్ పాయింట్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ కంట్రోలే మేలా?

అసలు చిక్కు రెండోది. రోకాఫ్ రిలే (ఫ్రీక్వెన్సీ ఎంత వేగంగా మారుతోందో చూసి, గ్రిడ్ తెగిపోయిందనుకుంటే జనరేటర్‌ని విడదీసేది) సెకనుకు 0.5 హెర్ట్జ్ దగ్గర, టైమ్ డిలే లేకుండా ఉంది. ఎక్కడో పెద్ద యూనిట్ ట్రిప్పయి ఫ్రీక్వెన్సీ జారితే జనరేటర్ బ్రేకర్ కూడా తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే గ్రిడ్‌కి 12 మెగావాట్ల భారం అదనం. పక్క ఫ్యాక్టరీల్లోనూ ఇదే సెట్టింగ్ ఉంటే ఇక చెప్పేదేముంది. సెకనుకు 1 హెర్ట్జ్, 500 మిల్లీసెకన్లకు పెంచుదామంటే ఫీడర్ ఆటో రీక్లోజ్ డెడ్ టైమ్ (ట్రిప్పయిన లైన్ దానంతటదే మళ్లీ మూసుకునేలోపు విరామం) 1 సెకనే; ఆలోపు జనరేటర్ విడిపోకపోతే ఫేజు కలవకుండానే గ్రిడ్‌కి తగులుతుంది. లైన్‌లో వోల్టేజీ లేదని చూసుకుని మూసే ఇంటర్‌లాక్ లేకుండా ఈ సెట్టింగ్ ఎవరైనా నడిపారా?