పాత ట్రావెలర్‌లో అనంతపురం నుంచి కాశీకి: ఇంజన్ దించాలా, ముట్టుకోకూడదా?

అనంత_పయనం (అనంతపురం):

అందరికీ నమస్కారం. మా నాయన ఇష్టపడి కొన్న 2009 మోడల్ టెంపో ట్రావెలర్ ఇంట్లో ఉంది. తెల్ల బోర్డు బండి. 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ ఇంకో 5 ఏళ్లకు రెన్యూవల్ అయింది. వెనక సీట్లు కొన్ని తీసి రెండు పడకలు, చిన్న వంట గట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించి అమ్మానాన్నలను కార్తీకంలో కాశీకి తీసుకుపోవాలని మా ఆలోచన. మేమిద్దరం, వాళ్లిద్దరు, నలుగురం. కర్నూలు, హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్, రీవా మీదుగా ఒకవైపే దాదాపు 1600 కిలోమీటర్లు.

మెకానిక్ ఏమో "ఇంజన్ దించి మొత్తం చేయిద్దాం, లేకుంటే నాగపూర్ దాటదు" అంటున్నాడు. అన్నీ కలిపి లక్షన్నర అడుగుతున్నాడు. మా దగ్గరున్నది రెండు లక్షలు. మా మామ మాత్రం నడిచే ఇంజన్ జోలికి పోవద్దంటాడు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది, పొగ పెద్దగా లేదు. కానీ ఎండపూట గుత్తి దాటి డోన్ వైపు పోయేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది. బ్రేకు పెడల్ కూడా మునుపటికంటే లోపలికి పోతోంది. మీరైతే డబ్బు ఎక్కడ పెడతారు?

స్పానర్_గుత్తి:

తమ్ముడూ, మీ మెకానిక్ చెప్పినట్టే చెయ్యి. పదహారేళ్ల ఇంజన్ అది. లోపల పిస్టన్ రింగులు, లైనర్లు (పిస్టన్ తిరిగే గొట్టాలు), బేరింగులు ఏ స్థితిలో ఉండాయో పైనుంచి చూసి చెప్పేటోడు ఎవ్వడూ ల్యాడు. ఊర్లో తిరిగేటప్పుడు ఆగితే ఫోన్ చేస్తే మనోడు వస్తాడు. మధ్యప్రదేశ్‌లో సివనీ దాటినాక అడవిలో రాత్రిపూట, పెద్దోళ్లను పక్కన పెట్టుకొని, భాష రాని చోట నిలబడితే అప్పుడు తెలుస్తుంది. ముల్లు లేస్తాండాదంటే ఇంజన్ అడుగుతాండాదని అర్థం. దించితే వాటర్ పంపు, సీళ్లు, టైమింగ్ చెయిన్ అన్నీ ఒక్కసారే కొత్తవి పడతాయి. మంచాలు, గట్లు తర్వాత చూసుకోవచ్చు.

కడప_ఘాట్:

స్పానరన్నా, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఈసారి ఒప్పుకోలేను. అతను రెండు లక్షణాలు చెప్పాడు. వేడి, పెడల్. లక్షన్నర పెట్టి ఇంజన్ దించినా పెడల్ అట్లే ఉంటుంది. వేడి తగ్గుతుందన్న నమ్మకం కూడా లేదు. ఉన్న డబ్బంతా రోగం లేని చోట పెట్టి, రోగం ఉన్న చోట చేయి ఖాళీ చేసుకోవడం అవుతుంది.

తమ్ముడూ, ముందు ఇంజన్ సంగతి. ఆ కాలం ట్రావెలర్లలో వచ్చే డీజిల్ ఇంజన్ మూలం మెర్సిడెస్‌ది. వేళకు ఆయిల్ మారుస్తూ పోతే చాలా కాలం మోస్తుంది. అది అరిగిందా లేదా అన్నది విప్పకుండానే తెలుసుకోవచ్చు. బండి వేడెక్కాక, ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. అక్కడినుంచి పొగ గుప్పుగుప్పున తోసుకొస్తుంటే రింగులు అరిగినట్టు. సైలెన్సర్‌లో నీలం పొగ ఉంటే ఆయిల్ కాలుతోంది. రెండు సర్వీసుల మధ్య ఆయిల్ ఎంత కలపాల్సి వస్తోందో గుర్తు చేసుకో. చివరగా సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించు, నాలుగు సిలిండర్లకూ. రీడింగ్ కంపెనీ చెప్పిన హద్దులోనే ఉండి, నాలుగింటి మధ్య తేడా పెద్దగా లేకపోతే ఆ ఇంజన్‌ను ఎవరినీ విప్పనివ్వొద్దు.

ఇప్పుడు వేడి. అనంతపురం వైపు బోరునీళ్లు ఎంత ఉప్పో మనకు తెలుసు. ఏళ్ల తరబడి రేడియేటర్‌లో అవే పోస్తే సన్నటి ట్యూబుల్లో సున్నం పేరుకుపోతుంది. బండి బాగా చల్లారినాక రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి చూడు, తెల్లగానో తుప్పు రంగులోనో గరగర తగులుతుంది. ఇంకో పరీక్ష ఉంది. ఇంజన్ వేడెక్కాక ఆపేసి, ఫ్యాన్ కదలకుండా నిలబడిన తర్వాత, రేడియేటర్ జాలీ మీద పైనుంచి కిందికి చెయ్యి దగ్గరగా పెట్టి జరుపు. పక్కనంతా సెగ కొడుతుంటే ఒక చోట మాత్రం చల్లగా తగిలిందంటే అక్కడ నీళ్లు తిరగడం లేదు. ఆ చల్లటి మచ్చలే డోన్ దారిలో నీ ముల్లును లేపుతున్నాయేమో ముందు చూడు. కోర్ (ట్యూబులుండే జాలీ) మార్పించడమో, ట్యూబుల్లో కడ్డీ దూర్చి సున్నం తీసే రాడ్ కొట్టించడమో చేయించు. హోసులు కొత్తవి, ఫ్యాన్ బెల్టు కొత్తది వేయించు. మూత కూడా కొత్తది పెట్టు, ఎందుకంటే మూత స్ప్రింగ్ పట్టి ఉంచే ఒత్తిడి వల్లే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ సగానికి సగం కలిపి పోయించు. థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపేది) ఉందా అని గట్టిగా అడుగు. మన షెడ్లలో "వేడి తగ్గుతుంది" అని దాన్ని తీసి పారేయడం అలవాటు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది.

ఇక బ్రేకులు. నేను రాసేదాంట్లో ముఖ్యమైనది ఇదే. కడప-రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా. అక్కడ పాలకోవాకు ఆగినోళ్లు చాలామంది ఆ మలుపుల్లో లారీలు పడి ఉండటం కూడా చూసే ఉంటారు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ అందులో నీటి శాతం పెరుగుతుంది, మరిగే వేడి తగ్గుతుంది. దిగుడులో పెడల్ మీదే కాలు పెట్టి దిగితే ఆ నీరు ఆవిరై బుడగలవుతుంది, పెడల్ దూదిలా మెత్తబడి నేలకు తగులుతుంది. పైకి చూస్తే ఏ లీకూ కనిపించదు. అందుకే ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయించి గాలి తీయించాలి. రబ్బరు హోసులు వంచి చూసి పగుళ్లుంటే మార్చాలి. వెనక డ్రమ్ములు ఊడదీసి వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో బ్రేకును తోసేది) తడిగా ఉందేమో, డ్రమ్ముకు రాసుకునే లైనింగ్ ఎంత మిగిలిందో నువ్వే కళ్లారా చూడు. "చూసినా సార్" అంటే నమ్మి రావద్దు. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపి దిగడం ఎప్పుడూ చేయకూడదు. బ్రేకుకు బలం ఇచ్చే వాక్యూమ్ పంపు ఇంజన్‌తో పాటే తిరుగుతుంది.

టైర్ల గుండీ (రబ్బరు మీది గాట్ల లోతు) ఎంత ఉందన్నది ఒక్కటే చూడొద్దు. పక్కన డాట్ అన్న అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 2317 అంటే 2017లో 23వ వారం తయారైంది. పెద్దగా తిరగని బండికి గుండీ కొత్తగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం ఎండకు గట్టిపడి ఉంటుంది. ఆరేళ్లు దాటిన టైర్లతో అంత దూరం వద్దు. స్టెప్నీ కూడా లెక్కలోకే వస్తుంది.

బురుజు_కర్నూలు:

మెకానిక్ పని వాళ్లిద్దరూ చూసుకుంటారు. నేను కాగితాల గురించి రాస్తాను, దీన్ని అందరూ చివరికి వదిలేస్తున్నారు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. మీరు సీట్లు తీసి మంచాలు వేస్తే ఆర్‌సీలో రాసిన సీట్ల లెక్క తప్పుతుంది. తనిఖీలో జరిమానా సంగతి అట్లుంచండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుకునేది దీన్నే. నివాస వాహనాలకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. మార్పులు చేసే ముందే ఆర్‌టీఓ ఆఫీసుకు పోయి రాతపూర్వకంగా అనుమతి అడగండి. తర్వాత పాలసీలో కూడా రాయించండి.

దారి మంచిదే ఎంచుకున్నారు. పాత 7వ నంబరు జాతీయ రహదారి కాశీలో మొదలై మన కర్నూలు, అనంతపురం మీదుగానే కన్యాకుమారికి పోయేది. 2010లో నంబర్లు మార్చాక మనవైపు అది 44 అయింది. ఒక్క జాగ్రత్త, కాశీ అయ్యాక ఢిల్లీ, హరిద్వార్ అని పొడిగించకండి. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లపై హరిత ట్రిబ్యునల్ నిషేధం పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కూడా కోర్టుల్లో మార్పులు నడుస్తూనే ఉన్నాయి. 2009 డీజిల్ బండితో అటు పోవడం అనవసరమైన తలనొప్పి.

స్పానర్_గుత్తి:

కడపన్నా, రేడియేటర్ గురించి చెప్పింది సబబే. కానీ వేడికి ఇంకో కారణం ఉండాది, అది మీరు రాయల్యా. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ సిలిండర్లకూ మధ్య ఉండే సీలు) పోయి ఉంటే? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేసి చూస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాంటాయి. డిప్‌స్టిక్ ఆయిల్ పాలమాదిరి తెల్లగా ఉంటుంది. అట్లుంటే కోర్ ఎన్ని మార్చినా ఫలితం ల్యాదు.

కడప_ఘాట్:

నిజమే అన్నా, ఆ పరీక్ష తప్పకుండా చేయాలి. కానీ బుడగలు వచ్చినా హెడ్ ఒక్కటి విప్పి, ఫేసింగ్ చేయించి (అడుగు సమంగా చెక్కించి), గ్యాస్కెట్ వేస్తే సరిపోతుంది. దానికి ఇంజన్ మొత్తం దించనక్కర్లేదు. ఇంకోటి ఆలోచించండి. రింగులు, లైనర్లు కొత్తవి వేసిన ఇంజన్‌ను కొంత దూరం మెల్లగా నడిపి, ఆయిల్ మార్చి, బోల్టులు మళ్లీ చూసుకోవాలి. యాత్రకు వారం ముందు షెడ్డు నుంచి బయటికొచ్చిన ఇంజన్‌తో, బరువు వేసుకొని, ఏకబిగిన వెయ్యి కిలోమీటర్లు పోతామంటే నాకు భయం. పాత ఇంజన్ గుణం అతనికి తెలుసు. కొత్తగా కట్టిన ఇంజన్ గుణం కట్టినవాడికి కూడా అప్పుడే తెలియదు.

ధర్మవరం_అక్క:

ఇంజన్ గురించి ఇంత రాశారు, లోపల కూర్చునే మనుషుల గురించి ఒక్కరూ రాయలేదు. తమ్ముడూ, పడకలు వేయించు, కానీ అవి బండి ఆగినప్పుడు పడుకోవడానికి మాత్రమే. కదిలే బండిలో అమ్మను మంచం మీద పడుకోబెట్టొద్దు. మోకాళ్ల నొప్పులని, నడుము నొప్పని వాళ్లే అడుగుతారు, మనకు కాదనాలనిపించదు. అరవై వేగంలో గట్టిగా బ్రేకు కొడితే పడుకున్న మనిషిని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. బెల్టు ఉన్న మంచి సీట్లు నాలుగు ఉంచుకోండి, అమ్మ సీటు వెనక్కి వాలేది వేయించండి, గంటన్నరకోసారి ఆపి నడిపించండి.

బరువు కూడా చూసుకోండి. నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిదడుగుల షీటు ఒక్కటే 35 కిలోల చుట్టూ ఉంటుంది. నాలుగు షీట్లతో అల్మారాలు చేయించుకుంటే ఇద్దరు మనుషులను అదనంగా ఎక్కించుకున్నట్టే. 12 మిల్లీమీటర్లది వాడండి, నీళ్లు 40 లీటర్లు చాలు, దారంతా ఊర్లే కదా. టాప్ మీద క్యారియర్ పెట్టి సామాను ఎక్కించొద్దు, మలుపుల్లో బండి ఊగుతుంది.

గ్యాస్ స్టవ్ లోపల పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. కిటికీలు తెరిచి ఉన్నా పోదు. మూసిన బండిలో పడుకొని ఉండగా లీకైతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

అనంత_పయనం (అనంతపురం):

అక్కా, మా నాయనకు షుగర్, బయట తిండి పడదు. పొద్దున రాగి సంగటో జొన్న రొట్టెనో ఇంటిదే కావాలి. వంట లేకుండా ఎట్లా?

ధర్మవరం_అక్క:

వంట వద్దనలేదు తమ్ముడూ. 5 కిలోల సిలిండర్‌ను వెనక తలుపు దగ్గర, నేలకు రంధ్రాలున్న విడి పెట్టెలో బిగించు. స్టవ్ బయటికి తీసి, తలుపు నీడలో వండుకోండి. వంట అయ్యాక రెగ్యులేటర్ ఊడదీసి మూత పెట్టడం ఒక్కరి బాధ్యతగా పెట్టుకోండి. ఇన్వర్టర్ మీద ఇండక్షన్ పెడదామని ఎవరైనా చెప్తే వినొద్దు. వెయ్యి వాట్లకే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది. సన్న వైరు వేస్తే అదే నిప్పు. రెండో బ్యాటరీ ఫ్యాన్లకు, లైట్లకు, ఫోన్లకు చాలు, దాని దగ్గరే ఫ్యూజు వేయించు. రాత్రి చలేసినా ఉక్కపోసినా ఇంజన్ ఆన్‌లో పెట్టి లోపల నిద్రపోవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు.

అనంత_పయనం (అనంతపురం):

అందరికీ చాలా థ్యాంక్స్. మీరు చెప్పినవన్నీ వేరే షెడ్డులో దగ్గరుండి చూపించాను. కంప్రెషన్ నాలుగింటిలో దాదాపు ఒకేలా ఉంది. ఆయిల్ మూత దగ్గర పొగ కొద్దిగానే ఉంది. రేడియేటర్‌లో బుడగలు లేవు, కానీ జాలీ కింది భాగం సగానికి పైగా చల్లగానే తగిలింది. ఎడమ వెనక చక్రం డ్రమ్ము తీస్తే లోపల వీల్ సిలిండర్ చెమ్మగా, లైనింగ్ ఆయిల్‌తో నల్లగా ఉంది. ఇంజన్ దించడం లేదు. రేడియేటర్, బ్రేకులు, ఐదు టైర్లు చేయిస్తున్నాం. పడకల ప్లాన్ తగ్గించి, సీట్ల బోల్టుల మీదే కూర్చునే మడత మంచం ఒక్కటి అడుగుతున్నాం, దానికి ఆర్‌టీఓ ఆఫీసులో అర్జీ పెట్టాను.

స్పానర్_గుత్తి:

సరే తమ్ముడూ, గేజ్ చెప్పినాక నేను కాదనేది ఏముండాది. కానీ మిగిలిన డబ్బు మంచాల మీద పెట్టొద్దు. క్రేన్‌కు, మధ్యలో రిపేరుకు పక్కన పెట్టుకో. డీజిల్ ఫిల్టర్లు రెండు, ఫ్యాన్ బెల్టు, పై హోసు, కింది హోసు, ఫ్యూజులు, జాకీ, లాగే తాడు బండిలో ఉండాల. ఫిల్టర్ మార్చినాక హ్యాండ్ పంపుతో గాలి తీయడం ఇక్కడే నేర్చుకొని పో. ఇంజన్ మీద నా అనుమానం మాత్రం ఇంకా పోల్యా, రోజూ పొద్దున ఆయిల్, నీళ్లు చూడకుండా స్టార్ట్ చేయొద్దు.

కడప_ఘాట్:

పోయే ముందు ఒక ఆదివారం నలుగురూ ఎక్కి, నీళ్లు నింపి, సామాను మొత్తం సర్ది రాయచోటి దాకా పోయి రండి. రాయచోటి నుంచి కడప వైపు గువ్వలచెరువు ఘాట్ పొద్దున్నే, లారీల రద్దీ తక్కువున్నప్పుడు, తక్కువ గేరులో దిగండి. కిందికొచ్చాక బండి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి తాకించకుండా సెగ చూడండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ పక్క బ్రేకు పట్టేసుకుంటోంది, ఒకటి చల్లగా ఉంటే అది పని చేయడం లేదు. అది సరిచేయించి, ఇంకోసారి దిగి చూశాకే కాశీ తేదీ పెట్టుకోండి.