‘మై లార్డ్’లోని లార్డ్ అసలు ఎవరు?

నల్లకోటు_తెనాలి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను జూనియర్ అడ్వకేట్‌ని. తెనాలి కోర్టులో వాయిదాలు చూసుకుంటూ, ఈమధ్య మా సీనియర్‌గారి వెంట నేలపాడు హైకోర్టుకు కూడా వెళ్తున్నాను. అక్కడ ఎవరు నోరు తెరిచినా ‘మై లార్డ్’, ‘యువర్ లార్డ్‌షిప్’. నాకేమో ఆ మాట నోటికి రావడం లేదు. మా అమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళ్తుంది. ఆమెకు లార్డ్ అంటే ప్రభువు ఒక్కరే. “మనిషిని పట్టుకుని అలా పిలుస్తారేంట్రా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నెట్‌లో వెతికితే ‘లార్డ్ అంటే రొట్టెకు కాపలా ఉండేవాడు’ అని కనిపించింది. ఇది నిజమా, ఎవరైనా అల్లిందా? దేవుడికీ జడ్జికీ భూస్వామికీ రొట్టెకీ ఏం సంబంధం? మహిళా జడ్జిగారు ఉంటే ‘మై లేడీ’ అంటున్నారు, దాని కథేమిటి? అసలు అలా పిలవాలన్న రూలు ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_పాఠం (రాజమండ్రి) జవాబు:

నిజమే బాబూ, ఎవరూ అల్లింది కాదు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ భాషా చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆ సిలబస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో దీని రూపం ‘హ్లాఫోర్డ్’. మొదట్లో ఉన్నది మన ‘ఆహ్లాదం’లోని హ్లా. మనకు అలవాటైన ధ్వనే కానీ, ఇంగ్లిష్‌వాళ్లు తర్వాత ఆ హకారాన్ని వదిలేశారు. ‘హ్లాఫ్’ అంటే రొట్టె. ఈనాటి ‘లోఫ్’ అదే మాట. ‘వెయార్డ్’ అంటే కాపలాదారు, ఈనాటి వార్డ్, వార్డెన్ అందులోవే. రెండూ కలిసి ‘హ్లాఫ్‌వెయార్డ్’ అయి, అరిగి హ్లాఫోర్డ్ అయింది. రెండు అచ్చుల మధ్య ‘ఫ’ను ‘వ’లా పలికేవారు. లోఫ్ బహువచనంలో ‘లోవ్స్’ అవుతుంది చూడు, ఆ అలవాటు అక్కడ ఇంకా మిగిలి ఉంది. అలా లావర్డ్ అయింది, చివరికి లార్డ్‌గా కుదించుకుపోయింది. స్కాట్లండ్‌లో ‘లెయిర్డ్’ అయి ఆగింది.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకో. ఈ మాట పుట్టింది కోటలో కాదు, ఇంట్లో. ఇంగ్లండ్‌లోని కెంట్ రాజు ఏథెల్‌బెర్ట్ సుమారు 600 ప్రాంతంలో చేయించిన చట్టం ఇంగ్లిష్‌లో మనకు దొరికే మొట్టమొదటి చట్టం. అందులో ఇలా ఉంది: ఒక ‘చెయోర్ల్’ దగ్గరున్న ‘హ్లాఫ్‌ఏట’ను ఎవరైనా చంపితే 6 షిల్లింగులు పరిహారం కట్టాలి. హ్లాఫ్‌ఏట అంటే రొట్టె తినేవాడు, అంటే ఆ ఇంటి తిండి తిని ఆ ఇంటి పని చేసేవాడు. మనవాళ్లు ‘ఆయన ఉప్పు తిన్నవాణ్ని’ అంటారు కదా, అక్కడ ఉప్పు బదులు రొట్టె. మరి చెయోర్ల్ ఎవరు? ప్రభువు కాదు, సామాన్యమైన స్వతంత్ర రైతు. అంటే ఒక మామూలు కాపు కూడా తన ఇంట్లో తినేవాళ్లకు హ్లాఫోర్డే. తర్వాత ఆ చెయోర్ల్ అనే మాటే ‘చర్ల్’ అయి, మోటు మనిషి అని తిట్టుగా దిగజారింది. రొట్టె పెట్టే హోదా మాత్రం ఎక్కడికో ఎక్కిపోయింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇది.

ఎక్కిన తీరు చెబుతాను. ఒక ఇంటి యజమాని అనే అర్థం నుంచి, యోధులను పోషించే నాయకుడు అనే అర్థానికి వచ్చింది. 991లో ఎసెక్స్‌లోని మాల్డన్ దగ్గర వైకింగ్‌లతో యుద్ధం జరిగింది. బ్యుర్త్‌నోత్ అనే నాయకుడు చనిపోయాడు. దానిమీద ఉన్న పాత కవితలో ఒక యోధుడు, హ్లాఫోర్డ్ లేనివాడినై ఇంటికి నడిచి వెళ్లను అంటాడు. అక్కడ ఆ మాటకు ప్రాణమంత బరువుంది.

మీ అమ్మగారి ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఆ రోజుల్లో దేవుణ్ని ఎక్కువగా పిలిచింది ‘డ్రిహ్టెన్’ అని. యోధుల దళానికి పెద్ద అని దాని మూలార్థం. లాటిన్‌లో ప్రభువు అనే అర్థమున్న ‘డొమినుస్’ మాటకు హ్లాఫోర్డ్ కూడా వాడేవారు కానీ, గుడిలో ముందు పీట డ్రిహ్టెన్‌దే. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక ఇంగ్లిష్ మారిపోతూ డ్రిహ్టెన్ వాడుకలోంచి క్రమంగా జారిపోయింది, ఆ చోటు లార్డ్‌కు దక్కింది. కనుక ఈ మాట మనుషులకు ముందు, దేవుడికి తర్వాత. దేవుడి పేరును మనుషులు లాక్కున్నారని అమ్మగారు కష్టపెట్టుకోనక్కర్లేదు. జరిగింది అందుకు తలకిందులు. నార్మన్ల కాలంలో డ్యూక్, బారన్ లాంటి ఫ్రెంచి బిరుదులు వరదలా వచ్చినా లార్డ్, లేడీ, కింగ్, క్వీన్ మాత్రం పాత ఇంగ్లిష్ మాటలుగానే నిలబడ్డాయి.

లేడీ ఇంకా అందంగా ఉంటుంది. ‘హ్లేఫ్‌డియె’ అంటే రొట్టె పిండి పిసికే ఆమె. ‘డియె’ ఇంగ్లిష్ ‘డో’కు, అంటే పిండిముద్దకు, చుట్టం. ఆ చుట్టరికం సంస్కృతం దాకా వస్తుంది. పూయడం, మెత్తడం అనే అర్థమున్న ‘దిహ్’ ధాతువు అదే మూలానిది. దాన్నుంచే దేహం వచ్చింది. ‘సం’ చేరి, అంతా పులుముకుపోయి ఏదేదో తేలని స్థితి సందేహం అయింది. నువ్వు ఇక్కడ పెట్టిన సందేహానికీ, కోర్టులో ‘మై లేడీ’కీ బంధుత్వం ఉందన్నమాట. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీవాళ్లు కూడా తలెత్తి చూసేవారు.

గుమ్మి_గింజలు (సూర్యాపేట) జవాబు:

సార్, మీరు చెప్పిన చరిత్ర బాగుంది, కానీ ఒక మాట అడుగుతా. రొట్టెకు కాపలా ఉండేవాడు అంటే రొట్టె పెట్టేవాడు అని ఎట్ల అనుకున్నారు? మా తాత ఒక గడిలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, జీతగాడు. ఆయన జీతం గింజలే. గుమ్ముల నిండా వడ్లు ఉండేవి. వాటికి కాపలా ఉండేది కూడా నిజమే. కానీ ఆ కాపలా ఎవరి నుంచి? దున్నినోళ్ల నుంచే కదా. నాట్లు వేసింది, కోసింది, తూర్పార పట్టింది, మోసింది వాళ్లు. తాళం చెవి మాత్రం దొర దగ్గర. 1946 నుంచి 1951 దాకా మా దిక్కు సాయుధ పోరాటం నడిచింది. అప్పుడు ఊళ్లల్లో గడీల ధాన్యాన్ని జనం పంచుకున్నారు. ఆ గింజల మీద హక్కు ఎవరిదన్నదే అక్కడి కొట్లాట.

అందుకే ‘రొట్టె కాపలాదారు’ అన్న పేరు వింటే నాకు ముచ్చటగా అనిపించలేదు. ఎవరి రొట్టె, ఎవరు కాపలా అని అడగాలనిపించింది. తప్పుగా అనుకోకండి.

పాత_పాఠం జవాబు:

తప్పుగా ఎందుకు అనుకుంటాను నాయనా, అడగాల్సిన ప్రశ్న అదే. నీ మాటకు బలమిచ్చే ఆధారాలు ఆ చట్టాల్లోనే ఉన్నాయి.

924 నుంచి 939 దాకా ఏలిన ఏథెల్‌స్టన్ రాజు, హ్లాఫోర్డ్ లేకుండా తిరిగేవాళ్ల గురించి ఒక ఆజ్ఞ ఇచ్చాడు. అలాంటివాడి మీద న్యాయం జరిపించడం కుదరదు కాబట్టి, బంధువులే వాడికో హ్లాఫోర్డ్‌ను వెతికి పెట్టాలి. పెట్టకపోతే వాడు చట్టం బయటివాడు, దొరికితే దొంగ కింద లెక్క కట్టి చంపినా చంపవచ్చు. అంటే అప్పటికి ఇది ఆశ్రయం ఇచ్చేవాడి పేరు మాత్రమే కాదు, నీ మెడకు తప్పనిసరిగా ఉండాల్సిన పలుపు. ఆశ్రయమూ అదుపూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. నేను పాఠంలో ఆశ్రయం దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను, నువ్వు అదుపును చూపించావు. రెండూ ఆ మాటలో ఉన్నవే.

తాళం చెవి అన్నావు కనుక ఇంకోటి. 1016 నుంచి 1035 దాకా ఏలిన క్నూట్ రాజు చట్టంలో ఇంటి సరుకుల గది, పెట్టె, బీరువా లాంటి వాటి తాళాలు భార్య దగ్గర ఉండాలని రాసి ఉంది. భర్త దొంగ సొమ్ము తెచ్చినా, అది ఆమె తాళాల కింద దొరికితేనే ఆమెకు దోషం. అంటే రొట్టె పిసికింది ఆమే, గది కాపలా కూడా ఆమే. లేడీని తక్కువ అంచనా వేయడానికి లేదు. అప్పటి ఇంగ్లండ్ నడిమి భాగంలోని మెర్సియా రాజ్యాన్ని ఏలి, కోటలు కట్టించి, 918లో టామ్‌వర్త్‌లో చనిపోయిన ఏథెల్‌ఫ్లెడ్‌ను ‘మెర్సియన్ల హ్లేఫ్‌డియె’ అనే రాశారు.

తూర్పులండన్_తెలుగు జవాబు:

మాస్టారూ, ఈ దారంలో నాదొక చిన్న పోగు. నేను ఉండేది లేటన్‌లో. ఇక్కడ నది పక్కన పచ్చిక మైదానాలను ‘లామస్ ల్యాండ్స్’ అంటారు. ఎవరో లామస్‌గారి భూమి కాబోలు అనుకునేవాళ్లే ఎక్కువ. లామస్ అంటే ‘హ్లాఫ్‌మెస్సె’, రొట్టె పూజ. ఆగస్టు 1న కొత్త గోధుమల తొలి రొట్టెను గుడికి తీసుకెళ్లే పండగ. అప్పట్లో ఆ రోజు నుంచి ఆ భూముల్లో ఊరి జనం తమ పశువులను మేపుకునేవాళ్లు. గడ్డి కోత అయ్యేదాకానే ఆసామి హక్కు ఉండేది, తర్వాత అందరిదీ.

సూర్యాపేట అన్నకు ఇది నచ్చుతుంది. 1892 ఆగస్టు 1న, సరిగ్గా లామస్ రోజున, నీళ్ల కంపెనీ ఆ మైదానంలో వేయించిన కంచెలను లేటన్ జనం కలిసి వెళ్లి పీకేశారు. కేసులు నడిచాయి, చివరికి ఆ నేల జనానికే మిగిలింది. మా పాప అక్కడే సైకిల్ తొక్కుతుంది. కాపలాదారు పేరులోనే కాదు అన్నా, కాపలా అక్కర్లేదన్న రోజు పేరులో కూడా హ్లాఫ్ ఉంది.

గుమ్మి_గింజలు జవాబు:

చాలా నచ్చింది తమ్మీ. ఇది మా అమ్మకు చదివి వినిపిస్తా.

వాయిదా_మళ్లీ (హైదరాబాద్) జవాబు:

రూలు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి, ప్రాక్టీసులో ఉన్నవాణ్నిగా నేను చెప్తాను. ‘మై లార్డ్’ అనాల్సిన రూలు లేదు. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తన నిబంధనల్లోనే మార్పు తెచ్చింది. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో ‘యువర్ ఆనర్’ లేదా ‘ఆనరబుల్ కోర్ట్’ అనాలి. కింది కోర్టులు, ట్రిబ్యునళ్లలో ‘సర్’ అనో, ప్రాంతీయ భాషలో దానికి సమానమైన మాటో వాడవచ్చు. ‘మై లార్డ్’, ‘యువర్ లార్డ్‌షిప్’ వలస పాలన గుర్తులని అందులో వివరణ కూడా రాశారు. 2014లో సుప్రీంకోర్టు కూడా, గౌరవంగా పిలిస్తే చాలు, ఆ మాటే వాడాలన్న నిర్బంధం లేదని చెప్పింది. 2019లో రాజస్థాన్ హైకోర్టు జడ్జిలంతా కలిసి ఆ మాటలు వద్దని తీర్మానం చేశారు.

అయినా అలవాటు పోలేదు, అది నీకూ కనిపిస్తూనే ఉంది. సీనియర్‌గారు అంటుంటే పక్కన జూనియర్ మానేయడానికి టెన్షన్‌గానే ఉంటుంది. నా సలహా, తెనాలిలో ‘సార్’, ‘మేడమ్’ అను. నేలపాడులో ‘యువర్ ఆనర్’ అని మొదలుపెట్టు, కానీ ముందురోజే సీనియర్‌గారికి ఒక మాట చెప్పు. 2006 నోటిఫికేషన్ కాపీ ఫైల్లో ఉంచుకో. ఎవరైనా అడిగితే చూపించవచ్చు.

నల్లకోటు_తెనాలి జవాబు:

మాస్టారికీ అందరికీ దండాలు. సోమవారం మా మేటర్ లిస్టులో ఉంది. సీనియర్‌గారితో ఈ సాయంత్రమే మాట్లాడతాను. మాస్టారూ, ఆ ఏథెల్‌బెర్ట్ చట్టంలో రొట్టె తినేవాడి కుటుంబానికి ఏమైనా ముట్టేదా, లేక ఆ 6 షిల్లింగులూ యజమానికేనా?

పాత_పాఠం జవాబు:

చట్టంలో ఉన్నది ‘చెయోర్ల్ యొక్క హ్లాఫ్‌ఏట’ అని. అంటే ఆ మనిషిని యజమాని లెక్కలోనే చూశారు. కుటుంబం మాట ఆ వాక్యంలో లేదు.