ప్వెర్తో పెన్యాస్కోకు క్లబ్ ట్రిప్: 9 బోట్లు, మూడు రోజులు. ఏ వారాంతం పెట్టుకోవాలి?

తెరచాప:
మా బోటింగ్ క్లబ్ ఏటా ఒక వారాంతం ఫీనిక్స్ నుంచి బోట్లను ట్రెయిలర్ల మీద పెట్టుకుని మెక్సికోలోని ప్వెర్తో పెన్యాస్కో వెళ్తుంది. ఈసారి ఏర్పాట్లు నా మీద పడ్డాయి, నాకు ఇది కొత్త. 9 బోట్లు, అన్నీ 19 నుంచి 24 అడుగులవి, ఇన్నాళ్ళూ సరస్సుల్లో తిరిగినవే. మనుషులం 26 మందిమి. శుక్రవారం లూక్‌విల్ దగ్గర సరిహద్దు దాటి, శనివారం శాన్ హోర్హె దీవి దాకా వెళ్ళొచ్చి, ఆదివారం తిరుగుముఖం పట్టాలని ఆలోచన. తేదీ దేన్నిబట్టి పెట్టాలి? సరస్సు బోట్లకు ముందుగా ఏం మార్చాలి? కాగితాలు ఏమేం కావాలి? ఇద్దరు హెచ్-1బి మీద ఉన్నారు, వాళ్ళ సంగతి కూడా చెప్పండి.

పోటుగట్టు:
హోటల్ బుక్ చేసే ముందు చంద్రుణ్ణి చూడండి. కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తర కొసలో ఆటుపోట్ల తేడా పెద్ద రోజుల్లో 7 మీటర్ల దాకా ఉంటుంది. సింధుశాఖ పొడవుగా, పై కొసలో మూసుకుపోయి ఉండడంతో కింద నుంచి వచ్చే పోటు అక్కడికి వచ్చేసరికి పెద్దదవుతుంది. పున్నమి, అమావాస్యలు వెళ్ళిన ఒకటి రెండు రోజులకు ఇది గరిష్ఠం. ప్రయాణాలకు అష్టమి, నవమి పనికిరావంటారు గానీ ఈ రేవుకు అవే మంచి రోజులు. తేడా సగానికన్నా తక్కువకు పడిపోతుంది.

పెద్ద పోటు రోజున ఏమవుతుందో లెక్క చూడండి. తేడా 6 మీటర్లు అనుకుందాం. పోటు నిండాక మొదటి గంటలో నీరు అర మీటరు దిగుతుంది, రెండో గంటలో మీటరు, మూడు నాలుగు గంటల్లో ఒక్కోదానిలో మీటరున్నర. అంటే నిమిషానికి రెండున్నర సెంటీమీటర్లు. మీరు బోటు దింపి, బండి పార్క్ చేసి వచ్చే పది నిమిషాల్లో ర్యాంపు (బోటు దింపే కాంక్రీటు వాలు) మీద నీళ్ళు పావు మీటరు కిందికి పోయి ఉంటాయి. ఇంకాసేపు ఆగితే నాచు పట్టిన జారుడు కాంక్రీటు బయటపడుతుంది, దాని మీద బండి చక్రాలు పట్టవు.

కాబట్టి దింపడం పోటు నిండడానికి గంట ముందు మొదలుపెట్టి నిండిన గంటలోపు ముగించండి. ఆ రెండు గంటల్లోనే నీరు నిలకడగా ఉంటుంది. బోటుకు 12 నిమిషాల చొప్పున 9 బోట్లకు 108 నిమిషాలు. ఒక్క ర్యాంపే దొరికితే సరిగ్గా సరిపోతుంది, ర్యాంపు మీద నిలబడి సామాను సర్దుకునే తీరిక మాత్రం ఉండదు. పట్టీలు, డ్రెయిన్ ప్లగ్, తాళ్ళు అన్నీ పైనే సిద్ధం చేసుకుని క్యూలోకి రావాలి. తర్వాతి పోటు 12 గంటల 25 నిమిషాలకు గానీ రాదు కనుక రాత్రికి మెరీనాలో తేలే జెట్టీల మీద చోటు ముందే మాట్లాడుకోండి. కదలని గోడకు బిగించి కడితే నీరు దిగాక బోటు తాళ్ళకు వేలాడుతుంది.

మెక్సికోలో ఎన్సెనాదాలోని సీసేసె పరిశోధన సంస్థ ఇచ్చే ఆటుపోట్ల పట్టికలో ఎత్తులు మీటర్లలో ఉంటాయి, అమెరికా యాప్‌లలో చాలావరకు అడుగుల్లో. అందరూ ఒకే పట్టిక చూసేలా చేయండి. సోనోరా, ఆరిజోనా రెండింటిలోనూ వేసవిలో గడియారం మార్చరు, గంట తేడా రాదు.

ఇక లంగరు. సరస్సు బోట్లలో సాధారణంగా ఉండే 15 మీటర్ల తాడు ఇక్కడ చాలదు. ఆటు వేళ 3 మీటర్ల లోతున్న చోట పోటుకు 9 మీటర్లవుతుంది. నీటి పైన బోటు ముక్కు ఎత్తు ఒక మీటరు కలిపితే 10. దానికి అయిదు రెట్లు, అంటే 50 మీటర్ల తాడు, లంగరు దగ్గర 4 మీటర్ల గొలుసు. పోటు వేళ 4 మీటర్ల లోతు చూసి లంగరేస్తే మధ్యాహ్నానికి బోటు ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంటుంది. చోయా అఖాతంలో ఇది మామూలే. అక్కడ ఆటుకు నీళ్ళు వెనక్కి పోయి చాలా దూరం వరకు బురద, ఇసుక మేట తేలుతుంది.

గ్రీజుగన్:
పోటుగట్టు గారు చెప్పినదానికి తోడు, ఇంజిన్ కింద యానోడ్లు చూడండి, అంటే ఇంజిన్ లోహం తినేయకుండా దాని బదులు తామే కరిగిపోయే లోహపు ముక్కలు. మంచినీటి సరస్సుల్లో తిరిగే బోట్లకు చాలాసార్లు మెగ్నీషియం యానోడ్లు వేసి ఉంటాయి. ఉప్పునీటిలో అవి త్వరగా కరిగిపోతాయి, తర్వాత మీ ప్రొపెల్లర్ హౌసింగ్ వంతు. అల్యూమినియం యానోడ్లు రెండు నీళ్ళకూ పనికొస్తాయి, అవే వేయించేయండి.

ట్రెయిలర్ బేరింగులు అంతకన్నా ముఖ్యం. సరిహద్దుకు ముందు అజో దాటి వై అనే ఊరి దగ్గర ఆగి ప్రతి హబ్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే బేరింగు బిగుసుకుందనో గ్రీజు లేదనో అర్థం. సరిహద్దుకు అవతలి ఊరు సొనోయ్‌తా నుంచి ప్వెర్తో పెన్యాస్కోకు దాదాపు 100 కిలోమీటర్లు, ఎడారి రోడ్డు, పగలే దాటండి. ఊరు చేరగానే వేడి హబ్‌ను చల్లటి నీళ్ళలో దించొద్దు. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు సందులోంచి ఉప్పునీటిని పీల్చుకుంటుంది. కనీసం అరగంట చల్లారనివ్వండి, ట్రెయిలర్ లైట్ల ప్లగ్ పీకేశాకే దాన్ని వెనక్కి నీళ్ళలోకి నడపండి. క్లబ్ మొత్తానికి బేరింగులతో సహా రెండు స్పేర్ హబ్బులు, ఒక గ్రీజుగన్ తీసుకెళ్ళండి. దారిలో ఆగిపోతే 078 కి ఫోన్ చేస్తే ఆంహెలెస్ వెర్దెస్ అనే మెక్సికో రోడ్డు సహాయ దళం వాళ్ళు వస్తారు.

తిరిగి ఎక్కించాక మంచినీటితో ఇంజిన్ 10 నుంచి 15 నిమిషాలు తిప్పి కడగాలి. బ్రేకులనూ అదే పూట కడగండి, ఇంటికెళ్ళాక చూద్దామనుకోవద్దు.

కాగితాల సంచి:
అమెరికా కారు ఇన్సూరెన్స్ మెక్సికోలో చెల్లదు. మెక్సికో పాలసీ కొనేటప్పుడు బండితో పాటు ట్రెయిలర్‌ను, బోటును కూడా పేరు పేరునా రాయించండి. నీటి మీద ఉన్నప్పటికి బోటుకు విడిగా మరో పాలసీ కావాలి. బోటు తాత్కాలిక దిగుమతి పర్మిట్ 10 ఏళ్ళు చెల్లుతుంది, ఏటా వెళ్ళే క్లబ్ గనుక తీసి పెట్టుకోవడమే మేలు. రిజిస్ట్రేషన్ అసలు కాగితమే ఉండాలి. యజమాని రాకపోతే అతని నుంచి నోటరీ చేసిన ఉత్తరం.

చేపల గాలం ఒక్కటి బోటులో ఉన్నా సరే, ఎక్కిన ప్రతి ఒక్కరికీ, పిల్లలతో సహా, మెక్సికో ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. మనిషికి రోజుకు 10 చేపలు, ఒకే రకం 5కు మించకూడదు. తోతువాబా అనే చేప పొరపాటున పడ్డా వదిలేయాల్సిందే, 1975 నుంచి నిషేధం.

దయచేసి ప్రతి బండినీ, బోటు అరల్నీ దులిపి చూడండి. తుపాకీ సరే, సీటు కింద మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా జైలు కేసే.

హెచ్-1బి వాళ్ళకు: పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు మిగిలి ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. వీసా స్టాంపు గడువు తీరి ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ప్రవేశ రికార్డు) మాత్రమే చెల్లుతుంటే, 30 రోజుల లోపు ప్రయాణానికి అమెరికా ఆటోమేటిక్ రీవాలిడేషన్ కింద తిరిగి రానిస్తుంది, మెక్సికోలో ఉండగా కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేయకూడదు. కానీ అప్పుడు మెక్సికో వీసా విడిగా తీసుకోవాలి. చాలామంది ఈ రెండో సగం మర్చిపోతారు. వెళ్ళేటప్పుడు ఐ-94 ఇచ్చేయొద్దు. సొనోయ్‌తాలో ఆగి మెక్సికో ప్రవేశ పత్రం కూడా తీసుకోవాలి.

తెరచాప:
అందరికీ ధన్యవాదాలండీ. అష్టమి వారాంతమే పెడతాం. శాన్ హోర్హెకు 19 అడుగుల బోట్లు కూడా రావచ్చా?

పోటుగట్టు:
ట్యాంకును బట్టి ఉంటుంది. దీవి దాదాపు 40 కిలోమీటర్ల దూరం. ఈ సైజు బోట్లు ప్లేనింగ్‌లో, అంటే వేగం మీద నీటిపైకి లేచి పరుగెత్తేటప్పుడు, లీటరుకు కిలోమీటరు అటూఇటూ ఇస్తాయి. రానూపోనూ 80, దీవి చుట్టూ తిరగడానికి 20, మొత్తం 100 లీటర్లు. అందులో సగం మిగులుగా కలిపితే 150. ట్యాంకు 120 లీటర్లే ఉన్న బోటును ఒడ్డు వెంబడే ఉంచి, అందులోవాళ్ళను పెద్ద బోట్లలో ఎక్కించండి. దీవి రక్షిత ప్రాంతం, అనుమతి లేకుండా దిగకూడదు. నీటి సింహాలకు ఎడంగా ఉండండి.

గాలి 15 నాట్లు అని సూచన ఉంటే శనివారం ప్లాన్ రద్దు చేసేయండి. అక్కడి అలలు పొట్టిగా, నిటారుగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. గాలి బలంగా ఉన్న రోజు పోర్టు కెప్టెన్ కార్యాలయం చిన్న బోట్లకు రేవు మూసేస్తుంది, పొద్దున్నే కనుక్కోండి. ఇద్దరిద్దరు బోట్లవాళ్ళు జతగా కదలాలి, వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్ మీద వింటూ ఉండాలి.

ఆదివారం సంగతి ఒకటి మిగిలింది. లూక్‌విల్ గేటు ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకే. ఆదివారం మధ్యాహ్నం క్యూ పొడవుగా ఉంటుంది, గేటు మూసేస్తే ట్రెయిలర్‌తో సాన్ లూయిస్ సరిహద్దు గేటు దాకా తిరగాలి. ఆదివారం పొద్దున పోటు అనుకూలంగా లేకపోతే బోట్లన్నీ శనివారం సాయంత్రమే ఎక్కించేయండి.