ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె ముట్టుకుంటే జివ్వుమంటోంది, అమ్మ చేతికి ఇవ్వచ్చా?

కొర్లగుంట కూతురు:

అందరికీ నమస్కారం. మేము తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. పుంగనూరు దగ్గర పల్లెలో ఒక్కతే ఉండే మా అమ్మను దీపావళి తర్వాత ఇక్కడికి తెచ్చుకున్నాను. ఆమెకు 72 ఏళ్ళు. వాసన సరిగా తెలియడం లేదన్న సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. పోయిన నెల ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే ఇల్లంతా గ్యాస్ వాసన. ఎసరు పొంగి మంట ఆరిపోయింది, నాబ్ తిప్పే ఉంది. అమ్మ హాల్లో కింద కూర్చుని అనపకాయలు ఒలుచుకుంటోంది. రెగ్యులేటర్ ఆపి, కిటికీలన్నీ తెరిచి, ఆమెను మిద్దె మీదకు తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఎంతసేపటికీ నా చేతుల వణుకు తగ్గలేదు.

ఆ వారంలోనే 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి కొన్నాను. మంట లేదు, గిన్నె తీసేస్తే వేడి చేయడం దానంతట అదే ఆపేస్తుంది. హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు అమ్మ "ఏమే, ఈ గిన్నె కొరుకుతా ఉంది" అనింది. నేను నమ్మలేదు. చెప్పుల్లేకుండా, తడి చేత్తో స్టీలు గిన్నె అంచు పట్టుకుంటే నాకూ వేళ్ళ దగ్గర సన్నగా జివ్వుమంది. ప్లగ్గు కూడా అరగంటకే వేడెక్కుతోంది. వంటగదిలో పెద్ద సాకెట్ ఒకటే ఉంది, దాంట్లో ఫ్రిజ్ పెట్టాం. అందుకని మిక్సీ పెట్టే చిన్న సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి పొయ్యి పెట్టాను.

ఇది ప్రమాదమా కాదా అన్నది నాకు ముందు తెలియాలి. ఇంకోటి, అమ్మకు రాత్రిపూట సంగటి లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. ఊరి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం సట్టి దీని మీద పెడితే పొయ్యి కూతలు పెడుతుందే తప్ప వేడెక్కదు. అసలు గాజు మీద సంగటి కెలకచ్చా? కరెంటు బిల్లు గురించి మా ఆయన టెన్షన్ పడుతున్నారు, అదీ ఎవరైనా చెప్తే మంచిది.

చంద్రగిరి వైర్‌మేన్:

అక్కా, ముందు ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసెయ్యండి. తీసేసి వచ్చి మిగతాది చదవండి.

2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. మిక్సీ పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకు చేసింది. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటి వైరు ఇంకా సన్నం. అరగంట అంత కరెంటు లాగితే లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి రేకు వేడికి వదులవుతుంది. వదులైన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది, చివరికి ప్లాస్టిక్ కరిగి నిప్పంటుకుంటుంది. నేను మార్చే కాలిపోయిన సాకెట్లు ఎక్కువగా ఇస్త్రీపెట్టె, గీజరు, ఇండక్షన్ పెట్టినవే. మీ పొయ్యికి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. దానికి మెయిన్ బోర్డు నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు విడిగా రావాలి. ఫ్రిజ్ ఉన్న సాకెట్‌లోనే మల్టీప్లగ్గు పెట్టి రెండూ నడపాలని చూడకండి. ఇంటి ఇన్వర్టర్ లైనుకు కూడా దీన్ని కలపకూడదు.

ఇక జివ్వుమనే సంగతి. పొయ్యి లోపల రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. మన ఇంటికి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పొయ్యి దాన్ని 20 వేల సార్లకు పైగా ఊగేలా మార్చి ఆ చుట్టలోకి పంపుతుంది. దాని అయస్కాంత శక్తికి గిన్నె అడుగులోనే కరెంటు పుట్టి గిన్నె వేడెక్కుతుంది. గాజుకు వేడి వచ్చేది గిన్నె నుంచే. మధ్యలో గాజు అడ్డం ఉన్నా, అంత వేగంగా ఊగే కరెంటు రవ్వంత గిన్నెలోకి దాటుతుంది. లోపలి ఫిల్టర్ నుంచి వచ్చే లీకేజీ కూడా ఉంటుంది, అది ఎర్త్ పిన్ను దారిన నేలలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే గిన్నె, మీ చెయ్యి, తడి నేల దాని దారి.

రవ్వంతే కదా అని వదిలేయకండి. మీకు తగిలేది ఆ రవ్వో, గాజు చిట్లి లోపలికి నీళ్ళు దిగి వస్తున్న అసలు కరెంటో చేతికి తెలియదు. అది తేలేదాకా అమ్మగారిని ముట్టుకోనివ్వద్దు. ప్లగ్గు తీసి, గాజు మీద టార్చి అడ్డంగా వేసి చూడండి. వెంట్రుకంత చీలిక కనిపించినా ఆ పొయ్యి ఇక వాడకూడదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి చూసి వెళ్ళిపోతే ఒప్పుకోకండి. మల్టీమీటర్‌తో కొలవమనండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత చూపిస్తే, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే చూపించాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. ఎర్త్ వైరు దొరకనప్పుడు కొందరు న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. మీటరు అంతా బాగున్నట్టే చూపిస్తుంది. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజు, ఆ పిన్నుకు కలిసిన ఫ్రిజ్, గీజరు అన్నిటి ఒంట్లోకీ ఫేజ్ వస్తుంది. బోర్డు విప్పించి మీ కళ్ళతో చూడండి. ఎర్త్ పిన్నుకు పచ్చ వైరు విడిగా రావాలి. కరెంటు లీకైతే లైను దానంతట అదే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే అదీ పెట్టించండి, నెలకోసారి దాని మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి.

అమ్మగారికి పేస్‌మేకర్ గానీ ఉంటే పొయ్యికి రెండు అడుగుల దూరంలో ఉండాలి, డాక్టరును అడిగాకే వాడనివ్వండి.

చిత్తూరు టీచరమ్మ:

అమ్మాయ్, కరెంటు పని అతను చెప్పినట్టే చేయించు. సంగటి నేను చెప్తాను. మా ఇంట్లో ఐదేళ్ళుగా ఇండక్షన్ మీదే చేస్తున్నాను.

గాజు మీద మాత్రం ఎప్పటికీ కెలకొద్దు. సంగటి కట్టెతో అదిమి తిప్పేటప్పుడు బరువంతా గిన్నె అడుగు మీద పడుతుంది, గిన్నె జారుతుంది, గాజు చిట్లుతుంది. మా అవ్వ కూడా పొయ్యి మీద కెలికేది కాదు. సట్టిని దించి, కింద గుడ్డ చుట్టకుదురు వేసి, దాని మీద పెట్టుకుని కెలికేది. నువ్వూ అదే చెయ్యి.

గిన్నె ఎంచుకునేదానికి ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం చాలు. అడుగున గట్టిగా పట్టుకుంటే పనికొస్తుంది. అల్యూమినియం, రాగి, ఇత్తడి, మట్టి పాత్రలు పనికిరావు. స్టీలులో కూడా అయస్కాంతం పట్టనివి ఉన్నాయి, అంగడికి పోయేటప్పుడు అయస్కాంతం వెంట తీసుకుపో. అడుగు మందంగా, గచ్చు మీద పెడితే ఊగకుండా చదునుగా ఉండాలి. అల్యూమినియం సట్టి కింద పెట్టుకోమని ఇనుప బిళ్ళ అమ్ముతారు, నాకు అది నచ్చదు. బిళ్ళ కాలిపోతుంది, ఆ వేడంతా గాజుకు తగులుతుంది, సట్టికి చేరేది తక్కువ.

ఒక గ్లాసు బియ్యానికి ఆరు గ్లాసుల నీళ్ళు, రెండు గ్లాసుల రాగిపిండి. బియ్యం మెత్తగా ఉడికేదాకా మూత వార పెట్టి 1000 వాట్లు. తర్వాత పిండిని నడిమధ్య కుప్పగా పోసి, కదపకుండా, కట్టెతో ఒక బొక్క చేసి మూత పెట్టి, వేడి బాగా తగ్గించు. ఇక్కడే చాలామంది అడుగంటిస్తారు. చాలా పొయ్యిలు 300 వాట్లు అని చూపించినా నిదానంగా సన్నగా కాయవు, కొన్ని సెకన్లు గట్టిగా కాచి, కొన్ని సెకన్లు ఆగుతాయి. అడుగు పలచన గిన్నె అయితే ఆ కొన్ని సెకన్లకే మాడుతుంది. మందం గిన్నెలో ఎనిమిది నిమిషాలు చాలు. ఆపేసి ఇంకో ఐదు నిమిషాలు మూత తీయకుండా వదిలి, దించి కెలుకు. ఉండలు కట్టకపోతే నాకు చెప్పు.

తుడిచేదానికి మెత్తని గుడ్డ, ఒక చుక్క గిన్నెల సబ్బు, అంతే. ఇనుప పీచు తగలనివ్వొద్దు. బోరునీళ్ళకు గాజు మీద తెల్ల మచ్చలు వస్తాయి, చల్లారాక నిమ్మరసం రాసి ఐదు నిమిషాల తర్వాత తుడువు. ఓళిగలకు బెల్లం పాకం పట్టేటప్పుడు ఒలికితే మాత్రం గట్టిపడనివ్వకు. ఆపేసి, గాజు ఇంకా గోరువెచ్చగా ఉండగానే తడి గుడ్డతో తీసెయ్యి.

బిల్లుల మామ, ఎం.ఆర్.పల్లి:

అమ్మా, మీ ఆయనకు ఈ లెక్క చూపించు. 14.2 కిలోల సిలిండర్‌లో ఉండే వేడి దాదాపు 180 యూనిట్ల కరెంటుకు సమానం. గ్యాస్ పొయ్యి మీద అందులో నూటికి 60 వంతులు గిన్నెకు చేరాయనుకుంటే 108 యూనిట్లు. ఇండక్షన్‌లో నూటికి 85 వంతులు గిన్నెకు చేరతాయి, కాబట్టి అదే వంటకు 127 యూనిట్లు కావాలి. మా ఎస్పీడీసీఎల్ కరెంటు బిల్లులో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 వేశారు. మొదటి శ్లాబులో పడితే 762 రూపాయలు, రెండోదాంట్లో పడితే 1,111. పైన వేసే సర్దుబాటు చార్జీలు వేరు. మీ సిలిండర్ ధర పక్కన పెట్టి చూసుకోండి. వేసవిలో ఏసీ నడిచే నెల బిల్లు రెండో శ్లాబులోకి పోతుంది, ఆ నెల మీరు ఇంట్లో ఉన్నప్పుడు గ్యాస్ మీద వండుకోవచ్చు.

లీటరు నీళ్ళు మరగడానికి 0.1 యూనిట్ చాలు, మూత పెడితేనే. కందిపప్పు అరగంట నానబెట్టండి, కుక్కర్ మొదటి కూత రాగానే సగానికి తగ్గించండి. మా ఇంట్లో తేడా ఇక్కడే కనిపించింది.

రిపేరు అన్న, రేణిగుంట:

నా దగ్గరకు వచ్చే పొయ్యిల గురించి రెండు మాటలు. కింద గాలి రంధ్రాలు ఉంటాయి. న్యూస్‌పేపర్ గానీ గుడ్డ గానీ పరిచి పెడితే ఫ్యాన్ దాన్నే పీల్చుకుంటుంది, లోపల ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. గోడకు నాలుగు వేళ్ళయినా ఎడం ఉంచండి. వంట అయ్యాక ఫ్యాన్ తిరుగుతుంటే గోడ స్విచ్ ఆపకండి, అది ఆగాక ఆపండి. రాత్రి ఆ వెచ్చదనానికి బొద్దింకలు లోపలికి దూరి బోర్డును షార్ట్ చేస్తాయి. తిరగేసి చూస్తే వాటి గుడ్లు కనిపించే పొయ్యిలు నెలకు ఎన్నో చూస్తాను. ఆపాక నిలబెట్టి పెట్టుకోండి. ఖాళీ గిన్నె పెట్టి ఆన్ చేసి పక్కకు పోకండి, నూనె గిన్నె అయితే అసలే వద్దు. ఇది గ్యాస్ కన్నా త్వరగా పొగ తెప్పిస్తుంది.

కొర్లగుంట కూతురు:

అన్నా, టీచరమ్మా, అందరికీ దండాలు. నిన్న ఆదివారం పని చేయించాం.

గాజు చిట్లలేదు. బోర్డు విప్పితే పెద్ద సాకెట్‌లో కూడా ఎర్త్ పిన్ను ఖాళీ! పచ్చ వైరు పైపులో ముడిచి వదిలేసి ఉంది, ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతేనట. ఇన్నేళ్ళు ఆ ఫ్రిజ్‌ను మా పిలకాయలు తడి చేతులతో తెరిచారని తలుచుకుంటే గుండె ఝల్లుమంటోంది. ఇంటి యజమాని మంచాయన, తానే డబ్బులిచ్చి పొయ్యికి 16 ఆంపియర్ల సాకెట్ వేరే లైనుతో వేయించారు. ఆర్‌సీసీబీ కూడా పెట్టించారు. మీటర్‌లో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ 228, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మొదట 190 వచ్చింది. ఎర్త్ గుంత ఎండిపోయి ఉందని నాలుగు బిందెలు నీళ్ళు పోసి కొలిస్తే 226 కు ఎక్కింది. ప్లగ్గు ఇప్పుడు వేడెక్కడం లేదు. చెప్పుల్లేకుండా ముట్టుకున్నా ఏమీ తెలియలేదు. అయినా పొయ్యి ముందు రబ్బరు మ్యాట్ వేశాను.

రాత్రి అమ్మే సంగటి చేసింది. కొత్త గిన్నె అడుగు మందంగా ఉంది, ఉండలు కట్టలేదు టీచరమ్మా. పితికిపప్పు కూరతో మూడు ముద్దలు తినింది. నేను డ్యూటీకి పోయేటప్పుడు గ్యాస్ రెగ్యులేటర్ ఆపేసి పోతున్నాను.

ఎర్త్ గుంతలో నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోస్తూ ఉండాలా, అన్నా?

చంద్రగిరి వైర్‌మేన్:

పోయాలి అక్కా. ఇప్పుడు వారానికి ఒక బిందె చాలు, మార్చి నుంచి వానలు పడేదాకా రెండు రోజులకోసారి. కింది వాటా వాళ్ళకు కూడా చెప్పండి, వాళ్ళ ఎర్త్ కూడా ఆ గుంతే అయ్యుంటుంది. వాళ్ళ సాకెట్లలో పచ్చ వైరు ఉందో లేదో ఒకసారి విప్పి చూడమనండి.