తడి సిమెంటు రోడ్డు మీదా, ఎర్రమట్టి గ్రౌండులోనూ జారని రన్నింగ్ బూటుకి సోల్ ఎలా ఉండాలి?

చంపావతి_షూస్ (విజయనగరం):
అందరికీ నమస్కారం. మాది చిన్న యూనిట్. కానిస్టేబుల్, ఆర్మీ సెలక్షన్లకి తయారయ్యే పిల్లల కోసం రన్నింగ్ బూట్లు చేస్తున్నాం. అప్పర్ (పాదాన్ని కప్పే పైభాగం) మేమే కుడతాం, సోల్ రెడీమేడ్‌గా తెప్పించి అతికిస్తాం. ఎండాకాలం ఏ గొడవా లేదు. వానలు పట్టాక మాత్రం తడి సిమెంటు రోడ్డు మీద మడమ జారుతోందని, గ్రౌండులో ఎర్రమట్టి సోల్‌కి పట్టేసి ముందరి పాదం నిలవడం లేదని చెబుతున్నారు.

ఇప్పుడు వాడుతున్నది ఈవా (తేలికైన ప్లాస్టిక్ నురుగు) సోల్. మడమ దగ్గరా, వేళ్ల దగ్గరా గట్టి రబ్బరు ముక్కలు, వాటి హార్డ్‌నెస్ 70 షోర్ ఏ (రబ్బరు గట్టిదనం కొలిచే స్కేలు, అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ). డిజైను 2 మి.మీ. లోతున అలల గీతలు. మడమ మధ్యలో రూపాయి బిళ్లంత నున్నటి లోగో. సొంతంగా మోల్డు (అచ్చు) చేయించాలని ఉంది. రబ్బరు ఏది అడగాలి? గీతలు ఎంత లోతు, ఎంత ఎడం ఉండాలి? మోల్డుకి డబ్బు పెట్టే ముందు మా షెడ్డులోనే పరీక్షించుకునే దారి ఏదైనా ఉందా?

రబ్బరు_మిక్సింగ్:
ముందు రబ్బరు సంగతి తేలాలి. రబ్బరు తప్పయితే మీరు ఎంత మంచి గీతలు చెక్కించినా ఫలితం సగమే.

రబ్బరు నేలని రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి, నేరుగా అంటుకుని పట్టడం. మధ్యలో పల్చటి నీటి పొర చేరితే ఈ పట్టు చాలావరకు పోతుంది. రెండోది, నేల గరుకులోకి రబ్బరు దిగి, నొక్కుకుపోయి, తిరిగి లేచేటప్పుడు శక్తిని తనలో అరిగించుకోవడం. తడిలో మిగిలేది ఎక్కువగా ఈ రెండోదే. అందుకే రబ్బరు మెత్తగా ఉండాలి, నొక్కి వదిలితే టక్కున ఎగరకుండా కాస్త నిదానంగా లేవాలి. బంతిలా ఎగిరే రబ్బరు అరుగుదలకి మంచిదే గానీ తడిలో మోసం చేస్తుంది. పాలీబ్యూటాడయీన్ అనే కృత్రిమ రబ్బరు ఎక్కువ పాళ్లలో కలిపిన సోళ్లు అందుకే ఏళ్ల తరబడి అరగవు, తడి టైల్స్ మీద మాత్రం నిలవవు.

మీరు అడగాల్సింది ఇది: హార్డ్‌నెస్ 55 నుంచి 60 షోర్ ఏ, ఎస్‌బీఆర్ (స్టైరీన్ బ్యూటాడయీన్ అనే కృత్రిమ రబ్బరు) ప్రధానంగా సహజ రబ్బరు కలిపినది, ఫిల్లర్‌గా (బలం కోసం రబ్బరులో కలిపే పొడి) కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి బదులు సిలికా. కార్ల టైర్లలో తడి పట్టు కోసం సిలికా వైపు తిరిగినది 1990లలో. బూటు సోల్‌కీ అదే సూత్రం పనిచేస్తుంది. వంద భాగాల రబ్బరుకి సిలికా 40 నుంచి 45, ఆ సిలికా బరువులో 8 శాతం దాకా సిలేన్ (సిలికాని రబ్బరుతో కలిపి పట్టి ఉంచే రసాయనం). రబ్బరు త్వరగా ఉడకడానికి వేసే యాక్సిలరేటర్‌ని సిలికా పీల్చేసుకుంటుంది కాబట్టి పాలీ ఇథిలీన్ గ్లైకాల్ 2 లేదా 3 భాగాలు పడాలి, లేకపోతే రబ్బరు సరిగా ఉడకదు. సిలేన్ సిలికాతో కలవాలంటే మిక్సింగ్‌లో వేడి 140 నుంచి 150 డిగ్రీలకి చేరాలి, 160 దాటితే మోల్డుకి వెళ్లకముందే రబ్బరు ఉడికి గట్టిపడే ప్రమాదం. రెండు రోళ్ల మిల్లు మీద ఆ వేడి నిలబెట్టడం కష్టం. అందుకని మీరు మిక్సింగ్‌కి దిగకండి. ఇంటర్నల్ మిక్సర్ (మూసి ఉన్న గదిలో రబ్బరు కలిపే యంత్రం) ఉన్నవాళ్ల దగ్గర తయారైన కాంపౌండ్ (అన్నీ కలిపిన రబ్బరు) కొనండి.

50 కంటే మెత్తన చేయొద్దు. గీతల మధ్య దిమ్మలు వంగిపోతాయి, రోడ్డు మీద త్వరగా అరుగుతాయి. హార్డ్‌నెస్ కొలిచే ముక్క కనీసం 6 మి.మీ. మందం ఉండాలి, పల్చగా ఉంటే కింది బల్ల గట్టిదనం కూడా అంకెలో కలిసిపోతుంది.

ఇంకొక్క మాట. పాత లారీ టైరు రబ్బరు కోసి అతికించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వద్దు. అది బరువుకీ అరుగుదలకీ చేసిన రబ్బరు, పైగా ఏళ్లు గడిచి గట్టిపడి ఉంటుంది.

సోల్_డిజైన్:
పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇక గీతలు. మీ ప్రశ్నలో రెండు వేరు వేరు జారుడులు ఉన్నాయి. వాటికి మందులు ఒకదానికొకటి ఎదురు.

గట్టి నేల మీద నీళ్లంటే, ఆ పల్చటి పొరని పక్కకి తోసి రబ్బరు నేలని తాకాలి. దానికి దిమ్మలు దగ్గర దగ్గరగా, అంచులు పదునుగా, నీళ్లు బయటికి పోయే కాలవలు సోల్ అంచు దాకా తెరిచి ఉండాలి. దిమ్మ ఎత్తు 3 మి.మీ., వెడల్పు 6 నుంచి 8, మధ్య సందు 2 నుంచి 3. కాలవ సోల్ మధ్యలోనే ఆగిపోతే నీళ్లు అందులో చిక్కుకుని కూర్చుంటాయి. మీ అలల గీతల్లో ఆ తప్పు ఉందేమో ఒకసారి చూడండి.

మీరు చెప్పిన లోగో సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు అదే మొదటి అనుమానం. పరుగులో చాలామందికి మొదట నేలని తాకేది మడమ. సరిగ్గా అక్కడ నున్నటి బిళ్ల పెడితే దాని కింద నీళ్లు బయటికి పోయే దారే లేదు. లోగోని పాదం వంపు కిందకి జరపండి, అక్కడ నేల తగలదు. మడమ వెనక అంచుని 10 నుంచి 15 డిగ్రీల వాలుగా కోయించండి. నిటారు అంచుతో అడుగు పడితే మొదట తగిలేది సన్నటి గీత మాత్రమే. వాలు ఉంటే అదే క్షణంలో రెండు మూడు వరసల దిమ్మలు నేలని తాకుతాయి.

దిమ్మల మీద సన్నటి కోతలు కూడా తడిలో బాగా పనిచేస్తాయి. పడవ డెక్ మీద జారకుండా ఇలాంటి కోతలతో సోల్ చేసిన బూట్లు 1935 నుంచీ ఉన్నాయి. మోల్డులో అంత సన్నటి బ్లేడ్లు పెట్టడం ఖర్చు. ముందు నమూనా మీద రేజర్‌తో కోసి చూడండి: లోతు 1.5 మి.మీ., కోతకీ కోతకీ మధ్య 4 మి.మీ. ఇంకా దగ్గరగా కోస్తే దిమ్మలు పేలికలైపోయి అంచులు ఊడతాయి.

మట్టిది వేరే లెక్క. మన ఎర్రమట్టి నానితే ముద్దైపోయి సందుల్లో ఇరుక్కుంటుంది. అది నిండిపోయాక మీ సోల్ నున్నటి సోలే. దిమ్మలు 5 నుంచి 6 మి.మీ. ఎత్తు, మధ్య సందు 8 నుంచి 10 ఉండాలి. దిమ్మ పక్క గోడలు 10 డిగ్రీలైనా వాలుగా ఉంటే పాదం వంగినప్పుడు మట్టి దానంతటదే రాలిపోతుంది. ముందరి పాదం దిమ్మలు బాణం మొనలా ముందుకి చూడాలి, నేలని వెనక్కి తన్నడానికి. మడమ దగ్గరవి తిరగేసి ఉండాలి, ఆగడానికి.

చంపావతి_షూస్:
ఇద్దరికీ ధన్యవాదాలు. మా పిల్లలు ఒక జత కొనడమే గొప్ప. రోడ్డుకి ఒకటి, మట్టికి ఒకటి అంటే కుదరదు. ఒకే సోల్‌లో రెండూ కొంతవరకైనా రావా?

సోల్_డిజైన్:
వస్తుంది, రెండు చోట్లా పూర్తి మార్కులు రావంతే. దిమ్మ 4 మి.మీ., సందు 4 నుంచి 5, నేలకి తగిలే భాగం మొత్తం సోల్‌లో 45 శాతం దగ్గర. మడమ వెనక మూడో వంతులో మాత్రం దిమ్మలు దగ్గరగా పెట్టి సన్నకోతలు వేయండి, అది రోడ్డు కోసం. ముందరి పాదం అంచుల్లో సందులు పెద్దవి చేయండి, అది మట్టి కోసం. 6 మి.మీ. దిమ్మలున్న సోల్‌ని తడి సిమెంటు మీదకి తేవొద్దు. తగిలే చోటు తక్కువై, దిమ్మ కొనలు పక్కకి ఒరిగి, మామూలు బూటు కంటే ఎక్కువ జారుతుంది.

తగిలే భాగం ఎంతో తెలుసుకోవడం తేలిక. సోల్‌కి స్టాంప్ ప్యాడ్ ఇంకు పూసి, మనిషి తొడుక్కుని గ్రాఫ్ కాగితం మీద నిలబడితే నల్లబడ్డ గళ్లు లెక్కపెట్టుకోవచ్చు.

గ్రౌండ్_కోచ్ (శ్రీకాకుళం):
సోల్ వల్ల కానివి కూడా చెప్పాలి, లేకపోతే పిల్లలు బూటు మీదే భరోసా పెట్టి పడతారు.

పాచి పట్టిన సిమెంటు మెట్లు, కాలవ గట్లు: ఏ రబ్బరూ నమ్మకంగా ఆగదు. పాచి జారుడు పొర రబ్బరుకీ సిమెంటుకీ మధ్య ఉంటుంది, దిమ్మ దాన్ని చీల్చలేదు. బ్లీచింగ్ పౌడరు నీళ్లు పోసి, గట్టి చీపురుతో రుద్ది కడగడమే మార్గం. కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం, మొక్కజొన్న కూడా అంతే. గింజలు పాదం కింద దొర్లుతాయి, రబ్బరు నేలని తాకదు. తడిసిన జీబ్రా గీతలు, రోడ్డు మీది తెల్ల పెయింటు తారు కంటే బాగా జారతాయి, మలుపులో వాటి మీద అడుగు వేయకూడదు.

ఇంకో సంగతి. కబడ్డీ మ్యాట్ మీదా, షటిల్ కోర్టులోనూ ఈ బూట్లే వేసుకుంటామని అడుగుతారు. ఒప్పుకోకండి. ఇండోర్‌లో జారించేది ఎక్కువగా దుమ్మూ చెమటా. అక్కడ కావాల్సింది మెత్తటి గమ్ రబ్బరు, 1 నుంచి 1.5 మి.మీ. లోతు హెరింగ్‌బోన్ (చేప ముల్లులా వంకర వరసల) గీతలు. ఆడే ముందు తడిగుడ్డతో సోల్ తుడుచుకోవాలి. అసలు అక్కడ పట్టు మరీ ఎక్కువైనా ప్రమాదమే. పాదం నేలకి అతుక్కుని ఒళ్లు తిరిగితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. అందుకే కోర్టు బూట్లలో బొటనవేలి మొదలు కింద గుండ్రటి గీతలు పెడతారు, తిరగడానికి వీలుగా.

ల్యాబ్_టెస్టింగ్:
పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ల్యాబులో బూట్ల జారుడు కొలిచే పద్ధతి ఐఎస్‌ఓ 13287 అనే అంతర్జాతీయ ప్రమాణం. పెద్ద సైజు బూటు మీద 500 న్యూటన్ల బరువు, అంటే దాదాపు 51 కిలోలు, మోపుతారు. కింద సబ్బు నీళ్లు పోసిన సిరామిక్ టైలు లేదా గ్లిజరిన్ పూసిన స్టీలు. సెకనుకి 0.3 మీటర్ల వేగంతో లాగుతారు. మడమని 7 డిగ్రీలు వంచి ఒకసారి, పాదం మొత్తం ఆనించి ఒకసారి చూస్తారు. 2011 నాటి సేఫ్టీ బూట్ల ప్రమాణంలో సబ్బు నీళ్ల టైలు మీద పాస్ మార్కు (లాగే బలాన్ని మోపిన బరువుతో భాగిస్తే వచ్చే అంకె) మడమకి 0.28, పూర్తి పాదానికి 0.32. మీవి సేఫ్టీ బూట్లు కావు గానీ, గురి పెట్టుకోవడానికి ఆ అంకెలు పనికొస్తాయి.

షెడ్డులో ఇలా చేయండి. నేలకి పట్టిన నున్నటి సిమెంటు గచ్చు, ఒక గ్లేజ్డ్ టైలు, ఒక గ్రానైటు పలక తీసుకోండి. బూటు లోపల ఇసుక మూటలు పెట్టి, బూటుతో కలిపి మొత్తం 10 కిలోలు చేయండి. లీటరు నీళ్లలో గిన్నెల సబ్బు ద్రవం నాలుగు చుక్కలు. నేల పూర్తిగా తడవాలి. లేసు కట్టే చోటు కాదు, సోల్‌కి వీలైనంత దగ్గరగా తాడు కట్టి, సామాన్లు తూచే స్ప్రింగ్ కాటాతో నేలకి సమాంతరంగా లాగండి. పైకి లాగితే బరువు తగ్గి అంకె తప్పుతుంది. జారుతూ ఉండగా కాటా 3 కిలోలు చూపితే 0.30.

ఇక్కడ చాలామంది పొరపాటు చేసేది ఒకటుంది. బూటు పెట్టి నిమిషం ఆగి లాగితే నీళ్లు మెల్లగా పక్కకి పోయి అంకె పెరుగుతుంది. పరుగులో పాదానికి అంత టైము ఎక్కడిది? పెట్టిన వెంటనే లాగండి. ఒక్కో సోల్‌ని ఆరుసార్లు లాగి, మొదటిది వదిలేసి మిగతా అయిదింటి సగటు చూడండి. బరువు ల్యాబు కంటే తక్కువ కాబట్టి మీ అంకెని ల్యాబు అంకెతో పోల్చొద్దు. మీ పాత సోల్‌తోనే పోల్చండి.

కొత్త సోల్‌ని నేరుగా పరీక్షించొద్దు. మోల్డు నుంచి ఊడిరావడానికి పూసే రిలీజ్ ఏజెంటు జారుడు పొరలా మిగిలి ఉంటుంది. సబ్బుతో కడిగి, 180 నంబరు ఎమరీ పేపరుతో పైపైన రుద్దాకే కాటా పట్టండి. కొన్నవాళ్లకీ ఇదే చెప్పండి: మొదటి రోజు తడిలో కాదు, పొడి రోడ్డు మీద కాసేపు నడిచి ఆ పొర అరిగాక పరుగెత్తమని.

చంపావతి_షూస్:
చాలా ఉపయోగం. ఇంకొక్కటే. రబ్బరు మారితే మా సొల్యూషన్ (సోల్ అతికించే జిగురు) పట్టుతుందా? ఇప్పుడే వానాకాలంలో కొన్ని సోళ్లు ఊడి వస్తున్నాయి.

రబ్బరు_మిక్సింగ్:
మామూలు నియోప్రీన్ సొల్యూషన్‌తో ఆగదు. పాలీయురథేన్ సొల్యూషన్ తీసుకుని, అందులో హార్డెనర్ 3 నుంచి 5 శాతం కలపండి. కలిపింది ఆ పూటకే. మర్నాడు వాడకూడదు.

రబ్బరు అతికే ముఖాన్ని బఫింగ్ చేసి (గరుకుగా రుద్ది) దుమ్ము దులిపి, హాలోజినేషన్ ప్రైమర్ (సొల్యూషన్ బాగా పట్టడానికి ముందుగా పూసే రసాయనం) పూయండి, కనీసం అరగంట ఆరనివ్వండి. దాని వాసనలో క్లోరిన్ ఉంటుంది, తలుపులు తెరిచి పెట్టాలి, మూతికి మాస్కు ఉండాలి. ఈవా వైపుకి వేరే ప్రైమర్, రెండింటికీ ఒకటే వాడితే ఈవా దగ్గర ఊడుతుంది. తర్వాత సొల్యూషన్ రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య 15 నిమిషాలు. ఆఖర్న 60 నుంచి 70 డిగ్రీల వేడి చూపించి, వేడి ఆరకముందే ప్రెస్‌లో పెట్టి పది పదిహేను సెకన్లు గట్టిగా నొక్కండి. 24 గంటల దాకా ఎవరూ తొడుక్కోకూడదు.

వానాకాలం ఊడడానికి అసలు కారణం బహుశా గాలిలో తేమ. సొల్యూషన్‌లోని ద్రావకం ఆరుతూ పూతని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద నీరుగా మారుతుంది. పూత గాజులా మెరవకుండా పాలిపోయినట్టు తెల్లగా కనిపిస్తే అదే. అలాంటి దాన్ని అతికించొద్దు. మళ్లీ వేడి చూపించి తెలుపు పోయాక పల్చగా ఇంకో పూత వేయండి. పూసిన సోళ్లని షెడ్డులో తలుపు దగ్గర కాకుండా, వంద వాట్ల బల్బు పెట్టిన చెక్క పెట్టెలో ఆరబెట్టండి. పెట్టెలో పెట్టే ముందు బయట గాలిలో ద్రావకం వాసన బాగా తగ్గాలి, అది మండే సరుకు. పెట్టెకి పైనా కిందా గాలి కన్నాలు తప్పనిసరి.

సోల్_డిజైన్:
మోల్డు ఆర్డరు ఇచ్చేటప్పుడు రెండు కొలతలు కాగితం మీద రాయించుకోండి. దిమ్మ పై అంచు గుండ్రతనం 0.25 మి.మీ. దాటకూడదు, దిమ్మ సోల్‌తో కలిసే మొదలు దగ్గర మాత్రం 1 మి.మీ. గుండ్రంగా ఉండాలి, లేకపోతే అక్కడే చీలుతుంది. మోల్డు పాలిష్ చేసేవాళ్లు అలవాటుగా పై అంచులు కూడా నున్నగా తిప్పేస్తారు. ముందు ఒకే సైజు, 8 నంబరు, అల్యూమినియం మోల్డు చేయించి, దాని మీద స్ప్రింగ్ కాటా పరీక్షలయ్యాకే మిగతా సైజులకి వెళ్లండి.